వెనక చుట్టు

29 ఆగస్టు 1965

ఇవాళ కూడా కూత. సాయంత్రం ఏడింటికి, సరిగ్గా వార్తల వేళకి. మా రేడియో కొట్టు వెనక సందులో సీతారామయ్య బాబాయి గారి రేడియో. మా వంటింట్లోకే వినిపించింది. వార్తలు చదివే ఆయన మాట రెండు ముక్కలు, ఆ మీద కూ...య్ మని సాగదీసిన కూత, మళ్ళీ రెండు ముక్కలు.

ఈయన కొట్లో కొత్త సెట్టు ముందు కూచుని నాబు తిప్పుతున్నారు.

"మనదేనేమోనండీ" అన్నా.

"రిసీవరు వింటుంది రాజ్యం, అరవదు" అన్నారు. తల కూడా ఎత్తలేదు.

నిజమే అనుకున్నా.

31 ఆగస్టు

చిల్లకల్లు నించి ఇద్దరు రైతులొచ్చి సెట్టు పట్టుకెళ్ళారు. రెండు వాల్వులు, ఒక బ్యాటరీ, చెక్క పెట్టె. కరెంటు లేని ఊళ్ళకి ఈయన చేసేది ఇదొక్కటే. లోపలి తీగచుట్టలు, కాయిల్స్, అన్నీ నా చేతివే. "ఎంత గట్టిగా మాట్లాడుతోందో!" అంటూ సంబరపడ్డారు. ఈయన నావైపు చూసి నవ్వారు. "అంతా నీ చేతి వాటం."

ఆ మాటకి రోజంతా గాల్లో తేలా.

6 సెప్టెంబరు

యుద్ధం. లాహోరు వైపు మనవాళ్ళు వెళ్ళారట. బజారంతా అదే. రేడియో ఉన్న ప్రతి అరుగు మీదా జనం.

రాత్రి వార్తలు కాకముందే బాబాయి గారు కొట్లోకొచ్చారు. చెప్పులు కూడా లేవు.

"అబ్బాయ్, ఆ దిక్కుమాలిన సెట్టు ఆపు. మావాడు మిలట్రీలో పఠాన్‌కోట దగ్గరున్నాడు. పది రోజులైంది ఉత్తరం లేదు. ఆ రేడియోలో చెప్పే నాలుగు ముక్కలు కూడా వినపడనివ్వవా?"

"మీ ఏరియల్ సరిగా లేదు బాబాయి గారూ, రేపొచ్చి చూస్తా" అన్నారు ఈయన.

"నా ఏరియల్ సంగతి నాకు తెలుసు. నీ సంగతి పోస్టాఫీసులో చెప్తా. రేడియో లైసెన్సులిచ్చేది వాళ్ళేగా."

వెళ్ళిపోయారు. ఈయన నవ్వారు. నేను నవ్వలేదు. బాబాయి గారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రలేక.

8 సెప్టెంబరు

మళ్ళీ కూత. అటునించి తలుపు ధడేల్న వేసిన చప్పుడు.

9 సెప్టెంబరు



సాయంత్రం నలుగురు పోలీసులు. వాళ్ళలో ఒకాయన చేతిలో చిన్న ట్రాన్సిస్టరు. సందు చివర నించి పెట్టుకుని వచ్చాడు. మా కొట్టు దగ్గరకొచ్చేకొద్దీ కూత పెద్దదైంది. గుమ్మంలో నిలబడితే చెవులు గింగురుమన్నాయి. లోపల ఈయన నాబు మీద చెయ్యేసి అలాగే ఉండిపోయారు. ఎస్సై గారు, "తీసెయ్ చెయ్యి" అన్నారు. తీశారు. "ఇప్పుడు ఆపు." ఆపారు. ట్రాన్సిస్టర్లో కూత పోయింది. వార్తలు శుభ్రంగా వచ్చాయి.

దానికి మించి ఇంకేం కావాలి వాళ్ళకి?

సెట్టు, బొమ్మలు గీసుకున్న నోటుపుస్తకం, చుట్టి పెట్టిన కాయిల్స్, బీరువాలో ఉత్తరాలు, అన్నీ మూట కట్టారు. ఈయన్ని జీపెక్కించారు.

అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడి, "వాడు రేడియోలు బాగుచేస్తాడయ్యా, వాడు రేడియోలు బాగుచేస్తాడు" అని అదే మాట. ఎవరు వింటారు?

బజార్లో అప్పుడే అనేశారు... ట్రాన్స్‌మిటరంట. వార్తలు అటు పంపుతున్నాడంట.

10 సెప్టెంబరు

పొద్దున్న బస్సుకి నందిగామ. స్టేషను బయట మధ్యాహ్నం దాకా. అత్తయ్య తెచ్చిన అన్నం పొట్లం ఎండలో పాసిపోయింది.

ఎస్సై గారు లోపలికి పిలిచారు. మర్యాదగానే మాట్లాడారు. అదే ఎక్కువ భయం వేసింది.

"నీ మొగుడు అది వినే పెట్టె అంటున్నాడు. సరే. వినే పెట్టే అయితే పక్కింటి రేడియోలో ఎందుకు కూస్తుందమ్మా? నువ్వు చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. ఈయన దగ్గరా లేదని ఊచల వెనక మొహం చూస్తే తెలిసింది. దేశద్రోహి అన్నందుకు కాదు ఆయన కుంగిపోయింది. తను చేసిన సెట్టు తనకే అర్థం కాలేదని.

"ఏదో తప్పుంది రాజ్యం. ఎక్కడో తప్పుంది" అన్నారు, అంతే.

11 సెప్టెంబరు

రిమాండు. నందిగామ సబ్‌జైలు.

పాలావిడ రాలేదు. ఎదురింటి వాళ్ళు మమ్మల్ని చూసి కిటికీ మూశారు. మనింటి వైపు చూస్తేనే కేసవుతుందన్నట్టు.

12 సెప్టెంబరు

పోలీసులు ఒకటి వదిలేసి వెళ్ళారు. అటక మీద, బియ్యం డబ్బా వెనక. సగం చేసిన సెట్టు. పెట్టె లేదు, చెక్క మీద బిగించి ఉంది. కాయిల్ ఉంది, వాల్వులు రెండూ ఉన్నాయి.

కిందకి దించా. అత్తయ్య చూసి హడలిపోయింది. "అది కూడా పట్టుకుపోతారే, పాలేటి నీళ్ళల్లో పడేసిరా."

"పడేస్తే తప్పెక్కడుందో ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"నీకు తెలుస్తుందా?"

తెలియదు. నేను ఎస్సెల్సీ చదివా. తీగ చుట్టడం వచ్చు, టంకం వెయ్యడం వచ్చు. ఈయన ఎప్పుడో చెప్పిన మాటలు కొన్ని గుర్తున్నాయి. అంతే నా చదువు.

పెళ్ళైన కొత్తలో చెప్పారు. అట్ట గొట్టం మీద రెండు చుట్లు. పెద్దది ఏరియల్ తీగలోంచి వచ్చిన పాటని పట్టుకుంటుంది. దాని పక్కన చిన్నది, వెనక చుట్టు. వాల్వులోంచి పెద్దదై వచ్చిన పాటలో కొంచెం వెనక్కి తెచ్చి మళ్ళీ అదే వాల్వుకి పోస్తుంది. మళ్ళీ పెద్దదవుతుంది. అందుకే రెండు వాల్వులకి నాలుగు వాల్వులంత గొంతు. "ఎక్కువ పోస్తే?" అని అడిగా అప్పుడు. "ఎక్కువ పోస్తే దానంతటదే పాడుకుంటుంది, పిచ్చిది" అన్నారు.

దానంతటదే పాడుకుంటుంది...

పాడితే ఎటు పోతుంది ఆ పాట? ఏరియల్ దానికి కట్టే ఉందిగా. వచ్చిన దారినే బయటికి.

వార్తల వేళకే కూత ఎందుకో కూడా అర్థమైంది. అప్పుడే కదా ఊరంతా ఒకే స్టేషను పెట్టేది. మన పాటా ఆ స్టేషను పాటా పక్కపక్కనే పడి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

మనదే. బాబాయి గారు చెప్పింది నిజం. ఎస్సై గారు చెప్పిందీ సగం నిజం.

13 సెప్టెంబరు

తప్పు వెతకాలంటే అవతల వినేవాళ్ళుండాలి. మన సెట్టు ముందు కూచుంటే మన కూత మనకి తెలియదు. వినడానికి ఆ సందులో ఉన్న రేడియో ఒక్కటే.

వెళ్ళా. బాబాయి గారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"మీ ఇంటి తీగ చూస్తేనే ఒళ్ళు మండుతోందమ్మా. వెళ్ళు."

"అది ఆగాలంటే మీ సాయమే కావాలండీ."

"వెళ్ళమన్నానా!"

వచ్చేశా. పిట్టగోడ పక్కన అనసూయమ్మ పిన్ని గారు, ఆయన భార్య, ఆరేసిన చీర మడత పెడుతూ నావైపు చూడకుండా అంది. "రోజూ మధ్యాహ్నం ఆయన టపా కోసం పోస్టాఫీసుకెళ్తారు. గంట పడుతుంది రావడానికి."

14 సెప్టెంబరు

సబ్‌జైల్లో ఐదు నిమిషాలిచ్చారు. గడ్డం పెరిగింది. నేను నోరు తెరవకముందే, గొంతు తగ్గించి, "కాయిల్స్ అన్నీ నేనే చుట్టానని రాసిచ్చా. సంతకం కూడా అయింది. నీకేం తెలీదు. నువ్వు తీగ ముట్టుకోలేదు. గుర్తుందా?" అన్నారు.

"ఎందుకండీ అలా..."

"నిన్ను కూడా ఇక్కడికి తెస్తారు. అమ్మ ఒక్కతే అయిపోతుంది. గుర్తుందా?"

తలూపా. మిగతా నాలుగు నిమిషాలూ అన్నం తింటున్నారా, దోమలున్నాయా... అవే.

15 సెప్టెంబరు

మధ్యాహ్నం. నేను వంటింట్లో సెట్టు ముందు. పిన్ని గారు వాళ్ళ కిటికీ దగ్గర రేడియో పెట్టుకుని. మధ్యలో సందులో అత్తయ్య. సీతారామయ్య గారి గడప తొక్కనని ఒట్టేసుకున్న మనిషి, గడప తొక్కకుండానే కిటికీ కిందికెళ్ళి నిలబడింది.

నాబు తిప్పా.

"కూసిందే!" అని కేక.

ఏరియల్ పీకా.

"ఆగిందే!"

ఏరియల్ పీకితే ఎవరికైనా ఆగుతుంది. సెట్టుకి చెవుడొచ్చింది. ఏరియల్ పొట్టి చేశా. "కూసిందే, కొంచెం తక్కువ." ఇంకా పొట్టి చేశా. స్టేషను పోయింది, కూత పోలేదు. కిరసనాయిలు డబ్బా కత్తిరించి కాయిల్ చుట్టూ పెట్టా. ఎర్తు కోసం పెరట్లో ఇనప గొట్టం పాతి ఉప్పునీళ్ళు పోసి డబ్బాకి తీగ కట్టా. ఆశ పడ్డా.

"కూసిందే!"

అంతే. ఏరియల్ బయట ఉండగా పెట్టెకి ఎన్ని గోడలు కడితే ఏం?

చేతికి రేకు కోసుకుంది. నెత్తురు కారుతుంటే కూచుని ఏడ్చా. కోసుకున్నందుకు కాదు.

16 సెప్టెంబరు

ఇది రాయకపోతే ఊపిరాడదు.

కాయిల్ విప్పా. వెనక చుట్టు. ఒక్కొక్కటే లెక్కపెడుతూ. ఈయన చెప్పిన లెక్క ముప్పై. ముప్పై అయింది, తీగ ఇంకా ఉంది. ముప్పై ఐదు... నలభై... నలభై రెండు.

పొరపాటున కాదు. నేనే.

ఎండాకాలంలో సెట్లు వెనక్కొచ్చేవి. "మాట్లాడట్లేదమ్మా" అని. బ్యాటరీ సగం చచ్చాక గొంతు పోయేది, అంతే. ఈయన చిన్నబోయేవారు. ఒకసారి రెండు చుట్లెక్కువ వేసి చూశా. గొంతొచ్చింది. ఇంకో రెండు. ఇంకా వచ్చింది. ఈయనకి చెప్పలేదు. చెప్తే లెక్క తప్పావంటారని. చెప్పకపోతే "నీ చేతి వాటం" అంటున్నారని. ఆ మాట కోసం.

పన్నెండు చుట్లు. ఆయన్ని జైల్లో పెట్టింది ఎస్సై గారు కాదు, బాబాయి గారు కాదు. నేను.

అత్తయ్య అన్నానికి పిలిచింది. ఆకలి లేదన్నా.

17 సెప్టెంబరు

ముప్పైకి తగ్గించి మళ్ళీ పరీక్ష. గొంతు పెంచే నాబు సగందాకా తిప్పితే కూత లేదు. పూర్తిగా తిప్పితే ఉంది. ఊళ్ళల్లో ఎవరు సగంలో ఆపుతారు? చివరిదాకా తిప్పి, ఇంకా తిరుగుతుందేమోనని చూస్తారు.

పరీక్ష మధ్యలో బాబాయి గారు వచ్చేశారు. ఉత్తరం లేదని నడకలోనే తెలుస్తోంది. కిటికీ కింద అత్తయ్య, కిటికీలో భార్య. పిన్ని గారు రేడియో ఆపబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి కాసేపు విన్నారు.

"నాకు చెవి సరిగా వినపడుతుంది. మీ ఇద్దరూ కూసిందీ ఆగిందీ తప్ప ఇంకో ముక్క చెప్పట్లేదు" అని కుర్చీ లాక్కుని కూచున్నారు. "అమ్మాయ్, ఇంకాస్త తిప్పు!"

నిన్నటిదాకా వెళ్ళమన్న మనిషి. తిప్పా.

18 సెప్టెంబరు

నందిగామ. ఎలాగైనా చెప్పాలని వెళ్ళా. పక్కనే కానిస్టేబులు, చేతిలో పుస్తకం.

"ముప్పై కాదండీ" అన్నా. "నలభై రెండు."

ఈయన నా మొహంలోకి చూశారు. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ చూపు... కోపం కాదు. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు.

"ఇప్పుడు ముప్పై చేశా. అయినా చివర్లో ఉంది" అన్నా.

కానిస్టేబులు లేచాడు. "ఏంటా నంబర్లు? ముప్పై ఏంటి, నలభై రెండేంటి? ఏం చెప్పుకుంటున్నారు మీరిద్దరూ?"

"తీగ చుట్లయ్యా."

"తీగా లేదు, తోకా లేదు. ఇది కోడు!" పుస్తకంలో రాసేసుకున్నాడు. ఈయన రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్తుంటే వెనక్కి తిరిగి అరిచారు. "ముందు ఇంకో వాల్వు పెట్టు! ఏరియల్‌కీ కాయిల్‌కీ మధ్య! ఇంటికి వసారా ఉన్నట్టు!"

వసారా అన్నది కూడా రాసుకున్నాడు.

ఇక ములాఖత్‌లు లేవన్నారు, రేడియోలు పరీక్షించే ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా.

19 సెప్టెంబరు

వసారా. లోపల ఎంత గొడవపడినా వీధిలోకి వినపడకుండా. వీధిలోంచి వచ్చేవాళ్ళు మాత్రం రాగలిగేట్టు. మాట అర్థమైంది. ఎలా కట్టాలో తెలీదు. బొమ్మల పుస్తకం పోలీసుల దగ్గర.

మూడో వాల్వు ఎక్కడిది? ఉన్నది మా ఇంటి పెద్ద సెట్లో. స్పీకరు పోయి మూగబడిందని పోలీసులు ముట్టుకోలేదు. ఈయన పెళ్ళికి ముందు చేసుకున్నది. ఇంతవరకు ఇంకెవర్నీ మూత తియ్యనివ్వలేదు.

తీశా.

20 సెప్టెంబరు

దాన్ని చూస్తూ దీన్ని కడుతున్నా. ముందు వాల్వు ఎక్కడ కట్టారు, దేనికి ఏది తగిలించారు... ఒక్కో తీగ వేలుతో పట్టుకుని చివరిదాకా పోయి చూడటం. రెండుసార్లు తప్పు కట్టా. రెండోసారి పొగ వచ్చింది. వాల్వు పోయిందనుకుని నా ప్రాణమే పోయింది. పోలేదు. కుంపట్లో కడ్డీ కాల్చి టంకం, మళ్ళీ కాల్చి మళ్ళీ టంకం. అత్తయ్య విసనకర్రతో కుంపటి విసురుతూ కూచుంది. పొద్దుటినించీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చివరికి అడిగింది.

"వాడు చేసిన తప్పేంటే?"

"ఆయన చెయ్యలేదు అత్తయ్యా. నేను చేశా."

విసనకర్ర ఆగింది. మళ్ళీ విసరడం మొదలెట్టింది.

21 సెప్టెంబరు

నాబు చివరిదాకా తిప్పా. ఇంకా బలంగా తిప్పా. సందులో నిశ్శబ్దం. అత్తయ్య కేక రాలేదు. బయటికి పరిగెత్తా.

బాబాయి గారు రేడియోకి చెవి ఆనించి ఉన్నారు. "ఉందమ్మా, ఉండీ లేనట్టు. చీమ నడిచినట్టుంది. వార్తలకి అడ్డం కాదు."

ఆయన అరుగు మీదే కూలబడ్డా. పిన్ని గారు మజ్జిగ తెచ్చింది. ఈ పన్నెండు రోజుల్లో బయటివాళ్ళు ఇచ్చింది తాగడం ఇదే.

"నేను పోస్టాఫీసులో కూత అని రాయించా. గూఢచారి అని రాయించలేదు" అన్నారు బాబాయి గారు, ఎటో చూస్తూ. "నందిగామకి నేనూ వస్తా."

22 సెప్టెంబరు

సంతోషం ఒక్కరోజు కూడా నిలవలేదు.

కూత ఆపేశా సరే. కూయని సెట్టు తీసుకెళ్ళి చూపిస్తే ఇన్‌స్పెక్టరు ఏమంటాడు? "ఇది వేరే సెట్టు" అంటాడు. లేదా "అప్పుడు కూసింది, ఇప్పుడు కూయట్లేదు, ఏం మార్చావు?" అంటాడు. ఏం మార్చానో చెప్పాలంటే చుట్లు చెప్పాలి. చుట్లు చెప్పాలంటే ఎవరు చుట్టారో చెప్పాలి. ఈయన సంతకం పెట్టిన కాయితం వాళ్ళ దగ్గరుంది.

నోరు మూసుకుంటే తప్పు అర్థం కాదు. నోరు తెరిస్తే ఆయన అబద్ధం చెప్పినట్టు.

పిచ్చెక్కేట్టుంది.

23 సెప్టెంబరు

యుద్ధం ఆగిందట. బజార్లో మిఠాయి పంచారు. మా గుమ్మం దాటి పక్కింటికెళ్ళారు.

24 సెప్టెంబరు

నందిగామ ట్రావెలర్స్ బంగళా. ఇన్‌స్పెక్టరు బెజవాడ నించి వచ్చారు. కళ్ళజోడు, నిదానపు మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా. బల్ల మీద పట్టుకుపోయిన సెట్టు. పక్కన నేను తెచ్చింది. ఈయన్ని కూడా తెచ్చారు. గోడ పక్కన నిలబెట్టారు. పక్కగదిలో ఇన్‌స్పెక్టరు గారి రేడియో, దాని ముందు కుర్చీలో బాబాయి గారు.

"ఏం చెప్పదలిచావమ్మా?"

"పాత సెట్టు పెట్టండి సార్. ఇది కూయడం ముందు మీరు వినాలి."

పెట్టారు. నాబు తిప్పా. పక్కగదిలో కూత. ఎస్సై గారు ఈయన వైపు చూశారు, చూశావా అన్నట్టు.

"దీని వెనక చుట్టు విప్పి లెక్కపెట్టండి."

ఇన్‌స్పెక్టరు తనే విప్పారు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. నలభై రెండు.

"ఎవరు చుట్టారు?"

ఈయన గోడ దగ్గర నించి, "నేనే సార్" అన్నారు.

"కాదండి" అన్నా. "నేను. ముప్పై చుట్టమని ఈయన చెప్పారు. గొంతు పెద్దదవుతుందని నేను పన్నెండు కలిపా. ఈయనకి తెలీదు."

ఎస్సై గారు కుర్చీలోంచి లేచారు. "అయితే మాకు అబద్ధం రాసిచ్చావా?" అన్నది ఈయన్నే. ఈయన నేలకేసి చూస్తున్నారు. నావైపు చూడలేదు. ఒక్కసారైనా చూస్తారని చూశా.

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి అందర్నీ ఆపారు. నా చేత ముప్పై చుట్లు వేయించారు. సగం దాకా కూత లేదు, చివర ఉంది. తర్వాత నా సెట్టు. ముందు వాల్వుతో. నాబు చివరిదాకా. పక్కగదిలోంచి బాబాయి గారు, "లేదండీ, శుభ్రంగా ఉంది!" అని కేకేశారు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది ట్రాన్స్‌మిటరు కాదు. చెడ్డ రిసీవరు. కానీ చెడ్డ రిసీవరు కూడా చట్టం ప్రకారం తప్పే. పై వాళ్ళకి రిపోర్టు రాస్తాను. వాళ్ళు ఏం చేస్తారో నేను చెప్పలేను." నా టంకం దగ్గరగా చూసి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు.

గోడ వైపు చూపించా. అప్పుడైనా చూడలేదు.

27 సెప్టెంబరు

విడిచారు. పెనుగంచిప్రోలు నించి అత్తయ్య తమ్ముడు వచ్చి పూచీ సంతకం పెట్టాడు. షరతులు: రిపోర్టు వచ్చేదాకా ఈయన సెట్టు ముట్టుకోకూడదు. ఇంతవరకు అమ్మినవన్నీ ఊరూరా వెతికి కూత పోగొట్టాలి. "చుట్టింది నువ్వేగా, విప్పేది కూడా నువ్వే" అని ఎస్సై గారు నా చేత సంతకం చేయించుకున్నారు. ఒక్కటి కూసినా కేసు మళ్ళీ మొదటికి.

బస్సులో పక్కపక్కనే కూచున్నాం. చిల్లకల్లు దాకా ఈయన కిటికీ బయటికే చూస్తూ ఉన్నారు.

30 సెప్టెంబరు

ఈయన కొట్టు తలుపు తీసి, లోపల కూచుని, సాయంత్రం తలుపు వేస్తారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని.

అన్నం పెడుతుంటే అడిగా. "కోపమా?"

"నీకోసం ఒక్క అబద్ధం ఆడా రాజ్యం. పదిమందిలో అది కూడా విప్పేశావు."

"లేకపోతే మీరు ఇంకా అక్కడే ఉండేవారు."

"తెలుసు." మజ్జిగ పోసుకుంటూ, "చుట్ల సంగతి ముందే చెప్పి ఉంటే?"

గిన్నెలు తీసుకుని పెరట్లోకెళ్ళా.

4 అక్టోబరు

వత్సవాయి, రెండు సెట్లు. విప్పుతుంటే ఇంటివాళ్ళు చుట్టూ నిలబడి తిట్టారు. "మాట్లాడే పెట్టెని మూగదాన్ని చేసిపోతున్నావా?" ముందు వాల్వు పెడితే గొంతూ ఉంటుంది, కూతా పోతుంది. వాల్వులు దొరకట్లేదు. యుద్ధం వల్ల సరుకు ఆగిందని బెజవాడ కొట్లవాళ్ళు అంటున్నారు. విప్పడం తప్ప దారి లేదు.

9 అక్టోబరు

బాబాయి గారికి ఉత్తరం రాలేదు. ఇప్పుడు ఆయన రేడియో గంటలాగా మోగుతుంది. సాయంత్రం పెట్టడం మానేశారు.

పిన్ని గారికి కూర పట్టుకెళ్ళా. గిన్నె పెట్టి వచ్చేశా.

11 అక్టోబరు

పరిటాల. సెట్టు కొన్నాయన చుట్టాలింటికి ఖమ్మం పట్టుకెళ్ళాడట. ఎప్పుడొస్తాడో తెలీదు. అక్కడ ఎవరింట్లో కూస్తోందో.

13 అక్టోబరు

కీసర. ఇదొక్కటీ అయితే ఇటువైపు అయిపోయినట్టే.

రామకోటయ్య గారని, కల్లు గీసే మనిషి. చెట్టు మీంచి పడి నడుం పోయి మూడేళ్ళుగా నులక మంచంలోనే. తలవైపు కిటికీలో మన సెట్టు. భార్య పొలం పనికెళ్ళింది. ఇంట్లో ఆయనా, సెట్టూ.

సంగతంతా చెప్పా. విని, "విప్పమ్మా. ఒకళ్ళకి కష్టం చేసి వినడం ఎందుకు" అన్నాడు. ఇంతవరకు ఎక్కడా ఆ మాట వినలేదు.

విప్పా. ముప్పై. పెట్టి చూస్తే బ్యాటరీ చచ్చుగా ఉంది, చుట్టూ కొబ్బరి తోట, ఏరియల్ కింద. గొంతు దోమంత. ఆయన లేవలేడు. నేనే సెట్టు తెచ్చి చెవి దగ్గర పెట్టా. కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు.

"ఇంతేనా అమ్మా ఇక?"

"వాల్వులు వచ్చాక మళ్ళీ వస్తానండి. ముందొకటి పెడతా. మళ్ళీ గొంతొస్తుంది."

"ఎప్పుడొస్తాయి?"

టంకం కడ్డీ తీసి సంచిలో పెట్టబోయా.

"ఇక్కడ చుట్టుపక్కల రేడియో ఎవరికీ లేదు. కరణం గారికొకటి ఉంది, ఆయన ఏటి అవతల" అన్నాడు. బతిమాలినట్టు కాదు. ఉన్నమాట చెప్పినట్టు.

ఎస్సై గారి కాయితం మీద నా సంతకం. ఇంట్లో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచున్న మనిషి. "ముందే చెప్పి ఉంటే?" అన్న మాట.

విప్పిన తీగ చేతిలోనే ఉంది. ఆరు చుట్లు మళ్ళీ వేశా. టంకం వేశా. నాబు సగం దాటించొద్దని చెప్పి, అక్కడ బొగ్గుతో గీత గీశా. మాట్లాడింది. మంచం మీదే నవ్వాడాయన, పళ్ళు కనపడేట్టు.

బస్సు కోసం రోడ్డు మీద గంటసేపు నిలబడ్డా. మునేటి వైపు నించి గాలి. కరణం గారి ఇల్లు ఏటి అవతల ఎంత దూరమో ఎవర్నీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని.

ఇంటికొచ్చాక ఈయన అడిగారు, "కీసరది అయిందా?" జైలు నించి వచ్చాక నన్ను ఆయనంతట ఆయన అడిగిన మొదటి మాట అదే.

"అయింది" అన్నా.

రిపోర్టు ఇంకా రాలేదు.